తలంబ్రాలప్పుడు కళ్ళు మూసుకోక ఇంకేం చేస్తారండీ?

పెళ్ళి ఫోటోలు ఏరే పని ఏఐకి అప్పజెప్పేసి హాయిగా పడుకోండి అని ఈమధ్య ఫోటోగ్రాఫర్లంతా ఒకటే సలహాలు. సరే, ఏరనివ్వండి. కానీ "కళ్ళు మూసుకున్నారు" అని అది పక్కన పడేసిన గుట్ట ఒక్కసారి తెరిచి చూడండి. దోసిళ్ళతో పోస్తున్న తలంబ్రాలు మొహం మీద పడుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వే పెళ్ళికూతురు అందులోనే ఉంటుంది. తాళి కడుతున్నప్పుడు తల వంచుకున్నదీ, అప్పగింతల్లో వాళ్ళ నాన్న ఏడుపు దిగమింగుకుంటున్నదీ అందులోనే. అడ్డుతెర దించేటప్పటి ఫ్రేములైతే మొహం సగమే కనిపిస్తోందని అవీ అవుట్. ఆల్బమ్‌లో ఫుల్ పేజీ వేయాల్సినవన్నీ చెత్తలో, స్టేజీ మీద గుడ్లప్పగించి చూసేవన్నీ సెలెక్షన్‌లో!

కన్ను తెరిచుందా, ఫోకస్ పడిందా, ఒకేలాంటివి ఎన్నున్నాయి, ఇవి చూడటం దానికి బాగానే వచ్చు. అందుకే గ్రూపు ఫోటోలకి నేనూ వాడతాను, పాతికమంది చుట్టాల కళ్ళు ఎవరు లెక్కపెడతారు చెప్పండి. ముహూర్తం ఫోటోల జోలికి మాత్రం రానివ్వను.

ఫిల్మ్ రోల్‌కి 36 వచ్చే రోజుల్లో బటన్ నొక్కకముందే ఏరడం అయిపోయేది. 2017లో వచ్చిన సోనీ ఏ9 కెమెరా సెకనుకి 20 ఫ్రేములు తీస్తుంది, అంటే జీలకర్ర బెల్లం దగ్గర పది సెకన్లు వేలు తీయకపోతే 200 ఫోటోలు. వాటిని చేత్తో ఏరడం నరకం అంటారు గానీ, సగం నరకం సెట్టింగుల వల్లే. ఫోటోలు ఏరుకునే ఫోటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్ అంత స్పీడుగా ఎందుకుంటుందంటే రా (RAW) ఫైల్లో, అంటే కెమెరా తీసిన అసలు ఫైల్లో, కెమెరా ముందే దాచిన జేపెగ్ ఫోటోనే చూపిస్తుంది, కొత్తగా ఏదీ తయారుచేయదు. అడోబీ వాళ్ళ ఫోటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లోనూ ఇంపోర్ట్ చేసేటప్పుడు ఎంబెడెడ్ ప్రివ్యూ, అంటే ఆ దాచిన జేపెగ్‌నే చూపించే సెట్టింగు, పెట్టుకోవచ్చు. క్యాప్స్ లాక్ ఆన్ చేసి, నచ్చితే పి, వద్దంటే ఎక్స్ నొక్కితే తర్వాతి ఫోటోకి అదే వెళ్ళిపోతుంది. ఫోటోకి ఇన్ని స్టార్లని మార్కులేసే గోల మాత్రం వద్దు బాబూ, ఇది మూడా నాలుగా అని ఆలోచిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఇంకోటి, ఇది బియ్యంలో రాళ్ళేరడం కాదు. చెడ్డవి తీసేస్తూ పోతే రెండు వేలు మిగులుతాయి, అదే కావాల్సినవి తీసుకుంటూ వెళ్తే పని త్వరగా తెములుతుంది.

ఎక్స్ కొట్టినవి ఆల్బమ్ ఓకే అయ్యేదాకా డిలీట్ చేయకండి. పెళ్ళివాళ్ళు వచ్చి "మా అమ్మమ్మది ఒక్కటీ లేదేంటండీ?" అని అడుగుతారు. వెతికితే ఎక్కడో ఒక ఫ్రేములో మూలన కూర్చుని అక్షింతలు వేస్తూ ఉంటుంది ఆవిడ, అదీ కాస్త షేక్ అయింది. ఫోకస్ లేదని సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. నేనైతే అదే పెడతాను.