యాంగ్జైటీ జబ్బే కాదంటున్న మెసేజ్‌కి జవాబు

కొన్నాళ్ళుగా బంధువుల గ్రూపుల్లోనూ, పాత క్లాస్‌మేట్ల గ్రూపుల్లోనూ ఒకే రకం మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది. యాంగ్జైటీ మానసిక సమస్యే కాదు, టెన్షన్ అందరికీ ఉండేదే. మన తాతముత్తాతలకు ఈ జబ్బు లేదు. పనీపాటా లేక కూర్చుని ఎక్కువగా ఆలోచించేవాళ్ళకే ఇది వస్తుంది. రోజూ ప్రాణాయామం చేస్తే పోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్రలు అలవాటు చేసి జీవితాంతం వాడిస్తారు, పైగా పిచ్చివాళ్ళన్న ముద్ర పడుతుంది. దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు, ‘బాగా చెప్పారు’ అన్న జవాబులు. పంపినవాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే పంపారని నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటకూ ఓపిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

టెన్షన్ అందరికీ ఉంటుందన్నది నిజమే. ఇంటర్ రిజల్ట్స్ రోజు పిల్లాడికి కడుపులో తిప్పినా, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న మనిషికి చేతులు చల్లబడినా అది జబ్బు కాదు. అలాంటి ప్రతి భయానికీ యాంగ్జైటీ అని పేరు పెట్టుకోవడం నాకూ నచ్చదు. కానీ బీపీ కూడా అందరికీ ఉంటుంది. అది హద్దు దాటి, దిగకుండా ఉండిపోయినప్పుడు జబ్బంటాం. ఆందోళన విషయంలోనూ డాక్టర్లు చూసేది ఇదే. ఎంత తీవ్రంగా ఉంది, ఎన్నాళ్ళుగా ఉంది, దానివల్ల ఏ పనులు ఆగిపోయాయి? జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అనే జబ్బునే తీసుకోండి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం, అదుపులో పెట్టుకోలేని ఆందోళన కనీసం 6 నెలల పాటు, ఉన్న రోజులే ఎక్కువ అన్నట్టుగా ఉండాలి. దానికి తోడు నిద్ర సరిగ్గా పట్టకపోవడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, త్వరగా అలసిపోవడం, చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం, స్థిమితంగా ఉండలేకపోవడం అనే ఆరింటిలో పెద్దవాళ్ళకైతే కనీసం మూడు కనిపించాలి. పరీక్ష ముందు రాత్రి భయపడ్డ పిల్లాడు ఈ లెక్కలోకి రానే రాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులోనూ యాంగ్జైటీ జబ్బులు మానసిక రుగ్మతల విభాగంలోనే ఉన్నాయి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఏది మానసిక అనారోగ్యమో ఇలాంటి వైద్య ప్రమాణాలను బట్టే తేల్చాలంటుంది. కాబట్టి ఇది నా అభిప్రాయమో మీ అభిప్రాయమో కాదు.

తాతల కాలంలో లేదన్న మాట మీద ఎక్కువసేపు ఆగను. కొత్తగా వచ్చింది పేరొక్కటే. చరక సంహిత విమానస్థానంలో మనసుకు వచ్చే వికారాల వరుసలో శోకంతో పాటు చిత్తోద్వేగం (మనసు కలవరపడటం), భయం కూడా ఉన్నాయి. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు గుండెదడ, ఛాతీనొప్పి వచ్చేవి. పరీక్షిస్తే చాలామందికి గుండెజబ్బు ఉండేది కాదు. డకోస్టా అనే వైద్యుడు వాళ్ళ గురించి 1871లోనే రాశాడు. ఇక మన ఇళ్ళలో అయితే దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, గాలి సోకిందన్నారు. ‘ఆవిడ ఇల్లు కదలదులే’ అని ఒక మనిషిని ముప్పై ఏళ్ళు గదిలో వదిలేశారు. ఆ అమ్మమ్మలకు జబ్బు లేదనడం కంటే, వాళ్ళను అడిగినవాళ్ళే లేరనడం న్యాయం.

ఎక్కువగా ఆలోచించడమే దీనికి కారణమన్న మాట నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. మా పిన్ని అనుమతితోనే ఆవిడ సంగతి రాస్తున్నాను. ఓ ఎండాకాలం మధ్యాహ్నం తెనాలి నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. ఊపిరి అందలేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి, చచ్చిపోతున్నాననుకుంది. ఆ క్షణానికి ముందు ఆవిడ దేని గురించీ ఆలోచించడం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తోందంతే. ఆస్పత్రిలో ఈసీజీ తీస్తే బాగానే ఉంది. గ్యాస్ పట్టేసి ఉంటుందని మాత్రలిచ్చి పంపారు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత టూడీ ఎకో, టీఎంటీ అనే గుండె పరీక్షలు, ఎండోస్కోపీ, అన్నీ నార్మల్. అలా రిపోర్టు వచ్చినప్పుడల్లా బాబాయి ‘హమ్మయ్య’ అనుకునేవాడు, పిన్ని ఇంకా కుంగిపోయేది. ఏమీ లేదని తేల్చాక ఇక ఎవరికి ఏమని చెప్పుకుంటుంది? హ్యాండ్‌బ్యాగ్‌లో నీళ్ళసీసా, గ్యాస్ మాత్రలు, ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన ఈసీజీ కాగితాలు ఎప్పుడూ ఉండేవి. ఆ కాగితాల మీద గీతలు వెలిసిపోయినా పారేసేది కాదు, దారిలో ఏమైనా అయితే డాక్టరుకు చూపించాలని. పెళ్ళిళ్ళకు వెళ్తే గుమ్మం దగ్గర కుర్చీ వెతుక్కునేది. ముందు బస్సు మానేసింది, తర్వాత ఆటో. చివరికి వీధి మలుపులో ఉన్న కూరల బండి దాకా వెళ్ళాలన్నా పక్కన మనిషి ఉండాల్సి వచ్చింది.

ఆవిడకు వచ్చినవి పానిక్ అటాక్‌లు. ఎదురుగా ప్రమాదమేమీ లేకపోయినా మెదడు ప్రమాదం వచ్చిందని ఒంటికి చెప్పేస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి గబగబా తీసుకోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ళకీ పెదాల చుట్టూ తిమ్మిరి రావడం, తల తిరగడం అందువల్లే. సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. ఇదంతా ఒంట్లో నిజంగా జరిగేదే, ఆవిడ ఊహించుకున్నది కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినప్పుడు ‘ఇది యాంగ్జైటీయేలే’ అని ఇంట్లో కూర్చోకండి, ముందు గుండెను చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. ఆ పరీక్షలు చేయించడం అవసరమే. అన్నీ నార్మల్ అని తేలాక ఆగిపోవడమే మనం చేసే తప్పు. అప్పుడు వెళ్ళాల్సిన తలుపు ఇంకొకటి ఉంది.

పనీపాటా లేనివాళ్ళకు వస్తుందట. పిన్ని తెల్లవారుజామున లేచి ఇద్దరికి క్యారేజీలు కట్టి, మిగతా రోజంతా మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఆవిడ ముందు ఈ మాట అనగలరా? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల 10 లక్షల మంది యాంగ్జైటీ రుగ్మతలతో ఉన్నారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. మన దేశంలో 2017 నాటికి దాదాపు 4 కోట్ల 49 లక్షల మంది ఉన్నారని లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. పేదరికం, అప్పు, ఇంట్లో హింస ఈ ముప్పును పెంచుతాయే తప్ప తగ్గించవు. కౌలుకు తీసుకున్న పొలంలో బోరు ఎండిపోయి, వడ్డీ కట్టాల్సిన తేదీ దగ్గరపడ్డ రైతు చేతిలో పని లేక భయపడటం లేదు. ఒళ్ళు కదిలితే ఆందోళన కొంత తగ్గుతుందన్నది నిజం, రోజూ నడవమని డాక్టర్లూ చెబుతారు. అంతమాత్రాన సోమరితనం వల్ల వచ్చిందనడం కుదరదు.

ప్రాణాయామం గురించి నాకు ఏ పేచీ లేదు. ఊపిరి నెమ్మదిగా వదలడం వల్ల ఒళ్ళు స్థిమితపడుతుంది. తేలికపాటి ఆందోళనకు అదే సరిపోవచ్చు కూడా. కానీ బయటికి అడుగు పెట్టలేని స్థితికి వచ్చిన మనిషికి ‘ఇది చేస్తే చాలు’ అని చెప్పామనుకోండి, తగ్గకపోతే తప్పు తనదే అనుకుంటుంది. సరిగ్గా చెయ్యలేదేమో, మనసులో ధైర్యం లేదేమో అని తనను తానే తిట్టుకుంటుంది. ఈ జబ్బులకు బాగా పరీక్షకు నిలిచిన చికిత్సల్లో ఒకటి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. అది ‘భయపడకు’ అని నచ్చజెప్పడం కాదు. పిన్నికి థెరపిస్ట్ చేయించింది ఇదీ. మొదట బస్టాండు దాకా వెళ్ళి రావడం. తర్వాత బస్సెక్కి ఒక్క స్టాపు, అది అలవాటయ్యాక ఇంకో స్టాపు. దడ మొదలైనా దిగిపోకుండా, అది దానంతటదే తగ్గేదాకా సీట్లో కూర్చోవడం. ఈసీజీ కాగితాలు ఇంట్లో వదిలి వెళ్ళడం కూడా అందులో ఒక మెట్టే, ఆవిడకు అదే అన్నిటికన్నా కష్టమైంది. ధైర్యం ముందుగా ఉంటే ఇవన్నీ చేయగలరన్నది పొరపాటు. చేస్తూ పోతే ధైర్యం వస్తుంది.

మాత్రల మాటలో నిజమూ అబద్ధమూ కలిసిపోయాయి. అల్ప్రజోలమ్ లాంటివి వెంటనే పనిచేస్తాయి, కానీ రోజూ వాడుతూ పోతే ఒళ్ళు వాటికి అలవాటు పడుతుంది. తెలంగాణ వాళ్ళకు ఈ పేరు, దీన్ని కలిపిన కల్తీ కల్లు కేసుల్లో బాగా పరిచయమే. నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు, అలవాటు పడ్డవాళ్ళు వణుకుతో, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు చేరారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. తెలిసిన మెడికల్ షాపులో నిద్రమాత్ర అని అడిగి తెచ్చుకునేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఇప్పటికే రోజూ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. అయితే సైకియాట్రిస్టులు ఈ జబ్బుకు ప్రధానంగా రాసేవి వేరే రకం మందులు, ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. అవి మత్తు ఇచ్చేవి కావు, రోజురోజుకీ మోతాదు పెంచుకోవాలన్న యావ కలిగించేవీ కావు. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి వికారంగా, కాస్త ఎక్కువ కంగారుగా ఉండొచ్చు. చాలామంది ఆ వారంలోనే భయపడి మానేస్తారు. బాగైన తర్వాత కూడా సాధారణంగా 6 నెలల నుంచి ఏడాది దాకా వాడించి, మెల్లగా తగ్గించి ఆపుతారు. కొందరికి ఇంకా ఎక్కువ కాలం అవసరం కావచ్చు. కానీ వెళ్ళినవాళ్ళందరికీ జీవితాంతం వాడిస్తారన్నది అబద్ధం. థెరపీ ఒక్కదానితోనే బాగైనవాళ్ళూ ఉన్నారు.

ఇక పిచ్చి అన్న ముద్ర. అసలు భయం ఇదేనని నా నమ్మకం, మెసేజ్‌లోని మిగతా మాటలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్నా, వైజాగ్‌లో పెద్దాసుపత్రి కాకుండా ‘ఆ ఇంకో ఆస్పత్రి’ అన్నా ఏమర్థమో మనందరికీ తెలుసు. తిట్టుకోవడానికి వాడతాం. పెళ్ళి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాటే ఎత్తనివ్వరు. యాంగ్జైటీ ఉన్న మనిషికి మతి చలించదు. తన భయం అవసరమైనదానికంటే ఎక్కువని చాలామందికి తెలుస్తూనే ఉంటుంది, తెలిసీ ఆపలేకపోవడమే వాళ్ళ బాధ. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక అనారోగ్యానికీ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. జబ్బు కాదని మనమే వాదిస్తే ఆ హక్కులు ఎవరికోసం? బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు. డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి సాధారణ మానసిక సమస్యలున్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని అందులో తేలింది. ఫార్వర్డ్ చేసే ముందు ఆ 85 శాతంలో మీ ఇంటి మనిషి ఉండొచ్చని ఒక్కసారి తలచుకోండి.

ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా చెయ్యండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఎప్పటినుంచి ఇలా ఉంది, దీనివల్ల ఏయే పనులు, ఏయే చోట్లు మానేశారు, షాపులో కొన్నవాటితో సహా ఇప్పుడు ఏ మాత్రలు వేసుకుంటున్నారు. మొదటి రోజు గది బయట కూర్చున్నప్పుడే దడ రావచ్చు, అదీ డాక్టరుకు చెప్పండి.