డంపర్ కొనే ముందు బండి కిందకు చూడండి

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి స్టీరింగ్ వణుకుతోందని చెప్పగానే చాలామంది ఇచ్చే సలహా, "స్టీరింగ్ డంపర్ మార్చెయ్, సరిపోతుంది" అని. ఇది ప్రమాదకరమైన సలహా అని నా గట్టి నమ్మకం. డంపర్ అంటే స్టీరింగ్ కుదుపులను అణిచే, షాక్ అబ్సార్బర్ లాంటి భాగం. కొత్తది వేస్తే వణుకు కొన్నాళ్లు తగ్గుతుంది. దానికి కారణమైన వదులు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. మన సభ్యుల్లో పాత జీపులు, లాండ్ క్రూజర్లు ఇష్టపడి కొనుక్కుని, వారాంతాల్లో పిల్లల్ని ఎక్కించుకుని కొండదారుల్లోకి వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి. తిన్నటి రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ పోతూ, మాటిమాటికీ సరిచేయాల్సి వస్తుంటే అది ఒక రకం. హైవే వేగంలో ఏదో గుంతో, వంతెన అతుకో తగలగానే ముందు చక్రాలు రెండూ విపరీతంగా ఊగిపోయి, స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుంటే అది వేరే రకం. దీన్నే డెత్ వాబుల్ అంటారు. ముందు ఇరుసు ఒకే కడ్డీగా ఉండే బండ్లలో ఇది వస్తుంది. వచ్చినప్పుడు కంగారుపడి గట్టిగా బ్రేక్ తొక్కకండి. స్టీరింగ్ పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, వేగం తగ్గనిచ్చి పక్కకు ఆపండి.

రాంగ్లర్ టీజే, చెరోకీ ఎక్స్‌జే లాంటి, ముందు కాయిల్ (చుట్టల) స్ప్రింగులుండే జీపుల్లో నేను మొదట అనుమానించేది ట్రాక్ బార్‌నే. కాయిల్ స్ప్రింగు బరువు మోస్తుంది కానీ ఇరుసును పక్కలకు జరగకుండా ఆపలేదు. ఆ పని ఇరుసును ఛాసిస్‌కు అడ్డంగా కలిపే కడ్డీ, ట్రాక్ బార్‌ది. దాని బుష్ (కీలు దగ్గరి రబ్బరు తొడుగు) అరిగినా, బోల్టు రంధ్రం కోలగా సాగినా ఇరుసు పక్కలకు కదులుతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రాలు నేల మీదే ఉండాలి, బండిని జాకీ మీద ఎత్తకూడదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు బండి పక్కన నేల మీద కూర్చుని ట్రాక్ బార్ రెండు చివరలు, డ్రాగ్ లింకు (స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే కడ్డీ), టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ) కీళ్లు ఒక్కొక్కటీ చూడాలి, చేత్తో తాకి చూడాలి. ఒక ముక్క కదిలి, దాని పక్కది ఆలస్యంగా కదిలితే వదులు అక్కడే. స్టీరింగ్ గేర్ బాక్స్ ఛాసిస్‌కు బిగించిన చోట పగుళ్లున్నాయేమో కూడా చూడండి.

ఆ తర్వాతే జాకీ. స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్లు (చక్రం పక్కకు తిరిగే గుండ్రటి కీళ్లు), వీల్ బేరింగుల సంగతి తెలుస్తుంది. 80 సిరీస్ లాండ్ క్రూజర్‌లో బాల్ జాయింట్లుండవు. అక్కడ చూడాల్సింది వాటి బదులు ఆ కీళ్ల దగ్గర ఉండే నకుల్ బేరింగులు. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ చివరల వదులు బయటపడుతుంది. సుజుకీ సమురాయ్ లాంటి లీఫ్ (పట్టీల) స్ప్రింగు బండిలో ట్రాక్ బారే లేదు కాబట్టి స్ప్రింగు చివర ఉండే షాకిల్ లింకుల బుష్‌లు చూడాలి.

బండిని ఎత్తు పెంచినవాళ్లకు ఇంకో సమస్య ఉంటుంది. లిఫ్ట్ కిట్ వేస్తే కాస్టర్ కోణం, అంటే చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉండటం హ్యాండిల్ తిన్నగా నిలబడటానికి సాయపడుతుంది కదా, ఇదీ అంతే. కోణం తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. పైగా డ్రాగ్ లింకు, ట్రాక్ బార్ సమాంతరంగా లేకపోతే ప్రతి గుంతకూ బండి పక్కకు లాగుతుంది. ఎత్తు పెంచి, ఈ కోణాలు సరిచేయకుండా బండి అప్పగించే మెకానిక్ పని సగమే చేసినట్టు. ఆ బిల్లు కట్టే ముందు కాస్టర్ ఎంతుందో అడిగి తెలుసుకోండి.

స్టీరింగ్ గేర్ బాక్స్ మీద ఉన్న స్క్రూ తిప్పి ప్లే (స్టీరింగ్ ఖాళీ కదలిక) తగ్గించే అలవాటు కూడా మానాలి. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, పళ్లు అరిగిపోతాయి. అరిగినవన్నీ మార్చి, టైర్లు బ్యాలెన్స్ చేయించి, చివరన అలైన్‌మెంట్ చేయించండి. పాత డంపర్ నూనె కారుతుంటే దాన్నీ అప్పుడే మార్చండి. రబ్బరు బుష్‌లున్న ట్రాక్ బార్ బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. కొన్ని రోజులు నడిపాక వాటినే బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూసుకోండి.