సవరణ: నల్ల బల్లెం సైనికుల స్వేచ్ఛ గురించి

దక్షిణ బ్రెజిల్‌లో సామ్రాజ్య ప్రభుత్వం మీద తిరగబడి సొంత రిపబ్లిక్ ప్రకటించుకున్నవాళ్లు 1835 నుంచి 1845 దాకా సాగించిన ఫరోపిల్యా అంతర్యుద్ధం మీద రాసిన పోస్టులో, 'యుద్ధం ముగియగానే నల్ల బల్లెం సైనికులందరికీ స్వేచ్ఛ దొరికింది' అనే వాక్యం ఉంది. అది సరికాదు, ఆ వాక్యం తీసేశాను.

నల్ల బల్లెం సైనికులంటే తిరుగుబాటుదారుల తరఫున బల్లేలతో పోరాడిన నల్లజాతి రౌతులు. వీళ్లలో చాలామంది అంతకుముందు బానిసలు. పశువులు కాస్తూ, గుర్రాలను లొంగదీస్తూ బతికినవాళ్లు కావడంతో జీను మీద వాళ్లకు తిరుగులేదు. చేతిలో పొడవాటి బల్లెం, ఒంటి మీద తల దూర్చి కప్పుకునే ఉన్ని పోంచో. పగలు చలిగాలికి అడ్డు అదే, రాత్రి దుప్పటీ అదే. సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తామన్న మాట నమ్మి ఏళ్ల తరబడి పోరాడారు.

1844 నవంబర్ 14న పొరొంగోస్‌లో, తిరుగుబాటు సేనాని డేవిడ్ కనబారో శిబిరం మీద సామ్రాజ్య దళం అకస్మాత్తుగా విరుచుకుపడింది. నల్ల సైనికులు చాలామంది అక్కడే ప్రాణాలు కోల్పోయారు. కనబారోనే వాళ్లను కావాలని శత్రువుకు బలిచ్చాడా అన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ తెగని వాదం. కాబట్టి 'కుట్ర రుజువైంది' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అలాగని కొట్టిపారేయనూ వద్దు.

1845 మార్చి 1 నాటి పోంచే వెర్డే శాంతి ఒప్పందంలో, రిపబ్లిక్ తరఫున పనిచేసిన బానిసలకు స్వేచ్ఛ అన్న షరతు ఉన్న మాట నిజమే. కానీ ప్రాణాలతో మిగిలిన నల్ల సైనికుల్లో కొందరిని సామ్రాజ్య సైన్యానికి అప్పగించి రియో డి జనైరోకు పంపేశారు. తిరుగుబాటు అధికారులకు మాత్రం క్షమాభిక్ష దొరికింది. ఈ తేడా చెప్పకుండా ఆ శాంతిని పొగడటం అన్యాయం. బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది 1888లో.