నాన్న బయాప్సీ కాగితం

అంతర్వేది వైపు మా లంక ఊరిలో నాన్నకు మొదట అన్నం ముద్ద దిగలేదు. తరువాత చారన్నం, చివరికి కొబ్బరినీళ్లు కూడా. నాకు మాత్రం ఫోనులో "అల్సర్" అని చెప్పారు. దూరాన ఉన్నవాడు బెంగపెట్టుకుంటాడని అమ్మ భయం. కర్మకాండలకు వెళ్లినప్పుడు కూడా ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తలేదు.

నిరుడు ఇక్కడి డాక్టరు నా గుండెల్లో మంట సంగతి విని, ఇంట్లో ఎవరికైనా అన్నవాహిక క్యాన్సర్ వచ్చిందా అని అడిగారు. లేదన్నాను. అదే నిజమని నమ్మాను.

ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నుతుంటే కొందరిలో అన్నవాహిక కింది భాగపు పొర మారి, పేగు పొరలా తయారవుతుంది. దాన్ని బారెట్ ఈసోఫేగస్ అంటారు. అది ఉన్నవారిలో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ వచ్చేది ఏడాదికి నూటికి ఒకరికన్నా తక్కువ మందికే. కణాలు దారి తప్పుతున్నాయని ముందే తెలిస్తే, ఎండోస్కోపీ ద్వారానే ఆ పొరను కాల్చి తీసేస్తారు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో బారెట్ గానీ ఈ క్యాన్సర్ గానీ ఉంటే, 2022 నాటి అమెరికా వైద్య మార్గదర్శకాలు దాన్ని కూడా ముప్పుగా లెక్కిస్తాయి.

జన్యు పరీక్ష చేయించుకుంటే పోదా అని మిత్రులు అడుగుతున్నారు. పోదు. 2012లో ఆరో క్రోమోజోము మీద ఒకటి, పదహారో దాని మీద ఒకటి, బారెట్‌తో ముడిపడిన చోట్లు దొరికాయి. మరుసటి ఏడాది ఇంకొన్ని బయటపడ్డాయి. ఒక్కొక్కటి పెంచే ముప్పు పిసరంతే. పైగా వెతికింది ఐరోపా సంతతివారిలో. గొట్టంలో ఉమ్మి నింపి పంపితే వచ్చే నివేదిక కన్నా అమ్మ నోటి మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

నాన్నకు వచ్చిన జబ్బేమిటో నిజం చెప్పమని అడిగితే, అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత బీరువాలోంచి బయాప్సీ కాగితం తీసి వీడియోలో చూపించింది. అందులో ఉన్నది అన్నవాహిక క్యాన్సరే, కానీ అడినోకార్సినోమా కాదు, స్క్వామస్ అనే వేరే రకం. భారతదేశంలో ఎక్కువగా కనిపించేది అదే. పొగాకు, మద్యం దానికి పెద్ద కారణాలు. నాన్న చేతిలో లంక పొగాకు చుట్ట ఆరిన రోజు నాకు గుర్తు లేదు. తాతయ్యదీ అదే అలవాటు. మా ఇంట్లో తరం నుంచి తరానికి దిగింది రక్తమో, చుట్టో, రెండూనో! అరచేతులు, అరికాళ్లు మందంగా తయారయ్యే టైలోసిస్ అనే అరుదైన జబ్బు ఉన్న కుటుంబాల్లో ఈ క్యాన్సర్ ఒకే ఒక్క జన్యువులోని లోపంతో వెంటాడుతుంది. మావాళ్లలో ఆ ఛాయ లేదు.

కాగితం చూసిన డాక్టరు, నా బారెట్ లెక్కలో నాన్న జబ్బును కలపలేదు. రకం తెలియకుండా "క్యాన్సర్" అని మాత్రమే చెప్పి ఉంటే లెక్క తప్పేది. అందుకే ఈ సంక్రాంతికి ఊరు వెళ్లేవారిని బతిమాలుతున్నాను. ఎవరికి, ఏ వయసులో, ఏ రకం వచ్చిందో పెద్దలను అడిగి రాసుకుని రండి.

ఆ కాగితం ఫొటో చెల్లెలికీ, అన్నయ్య పిల్లలకూ పంపాను. అమ్మ అసలు కాగితాన్ని మడిచి, మళ్లీ పట్టుచీరల కిందే పెట్టింది.