పెరుగు కోసం ఇల్లు తీసుకెళ్ళాం

ఉదయం ఏడున్నరకి మా అమ్మ గిన్నె మీద మూత తీసి, "తోడుకోలేదురా" అంది.

ఆ గొంతు విని ఎవరికేమైందో అని ఉలిక్కిపడి లేచాను. లేవగానే తల పైకప్పుకి ఠంగుమని కొట్టుకుంది. మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లూ ఇంజినూ ఒకటే అయిన బండిలో, డ్రైవరు సీటు నెత్తి మీద అటకలాంటి పడక ఒకటుంటుంది. దాని మీద పడుకున్నవాడు ఉలిక్కిపడకూడదు.

పోయినేడాది మే నెల. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయ దక్షిణపు అంచున, ట్రైలర్ విలేజ్ అనే క్యాంపు స్థలంలో ఉన్నాం. సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు. పగలు ఎండ బాగానే ఉన్నా రాత్రి చలికి పళ్ళు టకటకలాడాయి. పైగా హీటరు చప్పుడుకి నిద్ర పట్టట్లేదని నాన్న అర్ధరాత్రి లేచి దాన్ని కట్టేశారు. ఇంకేముంది, పాలు పాలలాగే ఉన్నాయి. ఫీనిక్స్ నుంచి సీసాలో పెట్టి జాగ్రత్తగా మోసుకొచ్చిన తోడు కాస్తా అందులో కలిసిపోయింది.

"మీ నాన్నకి పెరుగు లేకపోతే ముద్ద దిగదు" అంది అమ్మ. అది నాకు నలభై ఏళ్ళుగా తెలుసు.

అసలీ బండి అద్దెకి తీసుకుందే అమ్మ కోసం. ఖమ్మం నుంచి వచ్చి నెలన్నరైంది. బయట తిండి తినదు, బయట బాత్రూముకి వెళ్ళదు. వంటిల్లు, బాత్రూమ్ రెండూ వెంటే వచ్చే బండి ఒకటుందని చూపిస్తే, "ఇదేదో బావుందిరా" అంది. నేను బుక్ చేసేశాను. ఆ తర్వాతే నా భార్య ఎక్సెల్ షీటు తెరిచింది. పెళ్ళయ్యాక నేను భయపడేది రెండింటికి, రెండోది ఎక్సెల్ షీటు.

రాత్రికి 190 డాలర్ల చొప్పున మూడు రాత్రులు, 570. అది చూసే నేను చవక అనుకున్నది. దాని కింద సన్నక్షరాల్లో మిగతా సంసారం ఉంది. మైలుకి 45 సెంట్లు, మనం తిరిగేది 500 మైళ్ళు, 225. ఇన్సూరెన్సు 90. దుప్పట్లు, గిన్నెలు కావాలంటే 150. గిన్నెలకి అద్దె ఏంటని అమ్మ మన గిన్నెలే సర్దింది, అయినా ఆ 150 తగ్గలేదు, రెండూ కలిపే ఇస్తారట. క్యాంపులో కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ ఉన్న చోటు మూడు రాత్రులకి 225. ఇక పెట్రోలు. గ్యాలనుకి ఎనిమిది మైళ్ళిచ్చే బండి అది, గ్యాలను నాలుగు డాలర్లు, వెరసి 250. మొత్తం 1,510. అదే మన మినీవ్యాన్‌లో వెళ్ళి విలియమ్స్ ఊళ్ళో మామూలు మోటెల్‌లో రెండు గదులు తీసుకుంటే, పెట్రోలుతో కలిపి 740.

"అంటే అత్తయ్యగారి బాత్రూమ్ ఖరీదు 770 డాలర్లు" అని తేల్చింది మా ఆవిడ. మెల్లగానే అందిలెండి.

నాన్నకి మాత్రం ఖర్చుతో పని లేదు. ఆయన ఖమ్మం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన మనిషి. బండి చుట్టూ తిరిగి టైర్లు కాలితో తన్ని చూసి, "మన ఎక్స్‌ప్రెస్ బస్సుకి చెల్లెల్లా ఉంది" అన్నారు. ఫీనిక్స్ దాటాక ఐ-17 రోడ్డు ఒక్కసారిగా కొండెక్కుతుంది. ఇంజిను వేడెక్కకుండా ఏసీలు ఆపెయ్యమని అక్కడ రోడ్డు పక్కనే బోర్డు ఉంటుంది. ఆపేశాను. వెనక ఉక్కపోస్తోందంటే జెనరేటర్ వేసి పైకప్పు ఏసీ నడిపాను. ఆ జెనరేటర్‌కి గంటకి నాలుగు డాలర్లు. షీటులో లేని ఖర్చిది. నాన్న పక్క సీట్లో కూర్చుని "సెకండ్ వెయ్యరా, సెకండ్" అంటున్నారు. ఆటోమేటిక్ నాన్నా అంటే వినరు. ఆ మలుపుల్లోనే అమ్మ ఒకే ఒకసారి నడుస్తున్న బండిలో బాత్రూముకి వెళ్ళింది. అటు గోడకి, ఇటు తలుపుకి కొట్టుకుని బయటికొచ్చి, "ఇంక బండి ఆగాకే" అని తీర్మానించింది. అంటే 770లో సగం అక్కడే పోయింది.

మురికినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసిన కథ రాయను. భోజనం చేస్తూ చదివేవాళ్ళుంటారు.

పెరుగు దగ్గరికి వద్దాం. క్యాంపుకి దగ్గర్లోనే పెద్ద కిరాణా షాపు ఉంది, నడిచినా పది పదిహేను నిమిషాలే. కానీ రోజుకి 190 పోసి తెచ్చిన బండి గుమ్మంలో ఉండగా నడవడమేంటి అనిపించింది. గుమ్మంలో ఉండటం కాదు, గుమ్మం కూడా దానిదేనన్న సంగతి అప్పటికి నా బుర్రకి తట్టలేదు.

బండి ఆగినప్పుడు చోటు పెరగడానికి గది ఒకటి గోడతో సహా పక్కకి జరుపుతాం. బండి కదలాలంటే ముందు అది లోపలికి రావాలి. బటన్ నొక్కితే వస్తుంది. వచ్చింది, సగం దాకా. అక్కడ అమ్మ సూట్‌కేసు అడ్డం. తీశాక మళ్ళీ నొక్కాను. బయటికెళ్ళి కరెంటు తీగ పీకి చుట్టాను. నీళ్ళ పైపు విప్పాను. ఇంకో పైపు కూడా విప్పాను, దాని సంగతి రాయనన్నాను కదా. పైకప్పు కిటికీ మూశాను. మెట్టు మడిచాను. లోపల మా ఆవిడ అలమరలకి గొళ్ళేలు పెట్టి, స్టవ్ మీద పప్పు దించి అమ్మ ఒళ్ళో పెట్టింది. సగం ఉడికిన పప్పు, కుక్కరుతో సహా. పిల్లలిద్దర్నీ భోజనాల బల్ల దగ్గర బెల్టులతో కట్టేశాం. బండి ఒరగకుండా టైరు కింద పెట్టిన పసుపురంగు ప్లాస్టిక్ పలకల మీంచి బండి దిగేసరికి నలభై నిమిషాలు. ఒక డబ్బా పెరుగుకి.

షాపు ముందు పార్కింగ్‌లో కార్ల గీతల మధ్య మా బండి పట్టే ప్రసక్తే లేదు. నాలుగు కార్ల చోటుకి అడ్డంగా నిలబెట్టి నేను స్టీరింగ్ దగ్గరే ఉండిపోయాను. మా ఆవిడ లోపలికి పరిగెత్తింది. వెనక ఎవరో కారు తియ్యాలని నిలబడ్డారు. నేను ముందుకి జరిపాను. ఇంకెవరో వచ్చారు. వెనక్కి జరిపాను. జరిపినప్పుడల్లా కుక్కరులో పప్పు అటూ ఇటూ ఊగుతోంది, "నెమ్మదిరా" అంటోంది అమ్మ.

మా ఆవిడ ఉన్నవాటిలోకి పెద్ద డబ్బా ఒకటి పట్టుకుని ఎగశ్వాసతో వచ్చి ఎక్కింది. "మామయ్యగారు ఇంకా బాత్రూమ్‌లోనే ఉన్నారా?" అంది.

"బాత్రూమ్‌లో ఎందుకుంటారు? వెనక తెర వేసుకుని పడుకున్నారు" అంది అమ్మ.

నేనేమో ఆయన పిల్లల దగ్గర ఉన్నారనుకుంటున్నాను.

తెర తీశాం. దుప్పటి ఉంది. బాత్రూమ్ తలుపు తీశాం. బకెట్టు ఉంది. మా చిన్నాడు అప్పుడు, చాలా మామూలుగా, "తాతయ్య బస్సెక్కారు" అన్నాడు. ఎప్పుడురా అంటే, "నువ్వు పైపు విప్పుతున్నప్పుడు." చెప్పలేదేంరా అంటే, "మీరు అడగలేదు."

నాన్న ఫోను ఎక్కడుందా అని చూస్తే బల్ల మీద చార్జింగ్‌లో ఉంది. తీగ పీకిన దగ్గర్నుంచీ చార్జింగ్ కూడా ఎక్కట్లేదు.

ఆయన వైపు కథ తర్వాత తెలిసింది. గ్రాండ్ కాన్యన్‌లో షటిల్ బస్సులు ఉచితం. క్యాంపు దగ్గరే స్టాపు. లుంగీ, స్వెటరు, మంకీ క్యాపుతో బయట నిలబడ్డ నాన్న ముందు బస్సొచ్చి ఆగి తలుపు తెరిచింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి ముందు బస్సు తలుపు తెరుచుకుంటే ఎక్కకుండా ఉంటాడా? "టికెట్టు లేదట, మన దగ్గర ఆడవాళ్ళకే ఫ్రీ, ఇక్కడ మగాళ్ళకి కూడా ఫ్రీ" అని సంబరపడి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ఆయన బ్రేకు ఎలా వేస్తున్నాడో చూస్తూ ఒక రౌండు మొత్తం తిరిగి అదే స్టాపులో దిగారు.

దిగి వచ్చి చూస్తే బెంచీ మీద తన తువ్వాలు ఆరేసి ఉంది. కరెంటు స్తంభం ఉంది. పసుపు పలకలున్నాయి. ఇల్లు లేదు.

పక్క సైటులో ఒక ముసలి జంట ట్రైలరు పెట్టుకుని ఉన్నారు. ట్రైలరంటే ఇంజిను ఉండదు, ఉత్త ఇల్లే, పికప్ ట్రక్కుకి తగిలించి లాక్కొస్తారు. ఆ పెద్దాయన కాఫీ తాగుతూ నాన్నని చూశాడట. నాన్న ఖాళీ జాగా చూపించి, "మై హౌస్... గో" అన్నారట. ఆయన చాలాసేపు నవ్వి, కాఫీ ఇచ్చి, మాటల్లో తేలిందేమంటే, ఆయన కూడా రిటైరైన డ్రైవరే. స్కూలు బస్సు.

నేను పార్కింగ్‌లో నాలుగోసారి వెనక్కి తీస్తుండగా ఒక పికప్ వచ్చి, ఒకే ఒక్క గీతల గడిలో, హాయిగా ఆగింది. తలుపు తెరుచుకుని లుంగీ దిగింది.

నాన్న తిన్నగా నా కిటికీ దగ్గరికొచ్చారు. కోపం లేదు. డిపో మేనేజరు ముందు నిలబెట్టినట్టు నిలబెట్టి ఒక్కటే అడిగారు. "రైట్ ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు నాన్నా.

"మనుషుల్ని లెక్కపెట్టకుండా, రైట్ చెప్పకుండా బండి కదపటమేంటి?" అని ఎక్కి కూర్చున్నారు. కూర్చున్నాక పెద్దాయన దగ్గర సేకరించిన సమాచారం మొదలైంది. ఆయన ట్రైలరు కొత్తది ముప్పై వేలకి వచ్చిందట. మనం ఎక్కిన లాంటిది కొత్తది కొనాలంటే లక్ష డాలర్ల పైమాటే. "వాడి ఇల్లు అక్కడే ఉంది, బండి ఇక్కడికొచ్చింది. చూశావా? ట్రక్కు ఏడాదంతా వాడుకుంటాడు. ఇలాంటి బండి కొన్నవాడిది ఏడాదిలో పదకొండు నెలలు ఇంటి ముందే నిలబడి ఉంటుంది. నిలబడ్డ బండికి బ్యాటరీ పోతుంది, టైర్లు అరక్కుండానే పగుళ్ళొస్తాయి. మా డిపోలో మూల పడేసిన బస్సులు చూళ్ళేదూ?"

మరి ట్రైలరులో ఇబ్బందే లేదా అంటే ఉందట. రివర్స్. ఇటు తిప్పితే అటు పోతుంది. వెనక నిలబడి పెళ్ళాం చెయ్యూపుతుంది, మొగుడు అద్దంలో ఇంకో చెయ్యి చూస్తాడు. ఈ క్యాంపులో ఇటు నుంచి వచ్చి అటు నుంచి వెళ్ళిపోవచ్చు, వెనక్కి తియ్యక్కర్లేదు. "అందుకే ఇక్కడికే వస్తారట. అందుకే ఇంకా కలిసున్నారట" అన్నారు నాన్న. ఆ ఇంగ్లీషంతా ఆయనకెలా అర్థమైందో నేను అడగలేదు.

తిరిగొస్తుంటే ఎదురుగా ఒక రాజభవనంలాంటి పెద్ద మోటార్‌హోమ్ వస్తోంది. దాని తోకకి చిన్న జీపు కట్టి ఉంది. "బండి వెనక బండెందుకురా?" అన్నారు.

"పెరుగు కోసం నాన్నా" అన్నాను.

మళ్ళీ పలకలు, తీగ, పైపు, ఆ ఇంకో పైపు, గది బయటికి. మధ్యాహ్నం పన్నెండయింది. కాఫీ ఇచ్చినందుకు అమ్మ పక్కవాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచింది. పప్పు అయ్యాక నాన్న అన్నంలో పెరుగు కలుపుకుని ఒక ముద్ద పెట్టుకుని ఆగారు. డబ్బా తిప్పి చూశారు. చూడక్కర్లేదు, నాకూ వాసన వచ్చేసింది. వెనిలా.

మా ఆవిడ నా వంక, నేను డబ్బా వంక చూశాం. నాన్న ఏమీ అనలేదు. ఆవకాయ ముక్క ఒకటి తీసుకుని పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని తినేశారు.

పెద్దాయన మాత్రం వెనిలా పెరుగన్నంలో ఆవకాయ మొత్తం కలిపేసుకుని, మొహం ఎర్రబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండోసారి పెట్టించుకున్నాడు. వాళ్ళావిడ ఎలా చేస్తారో రాసిమ్మంది. ముందు పాలు తోడుపెట్టాలి అని అమ్మ మొదలుపెట్టింది.