చిప్ పెట్టుకుంటే ఆటగాడు మెత్తబడతాడా?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (చేత్తో బంతి విసురుతూ, ప్యాడ్లు కట్టుకుని ఢీకొట్టుకునే అమెరికన్ ఆట) సీజన్ దగ్గరపడితే చాలు, ఒక వాదన అభిమానుల మధ్య చక్కర్లు కొడుతుంది. టెక్సాస్‌లో స్థిరపడి ఈ ఆటకు అలవాటుపడ్డ మనవాళ్లూ దాన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు. సారాంశం ఇది: "ఆటగాడి పరుగును, శ్రమను కొలిచే జీపీఎస్ చిప్ వీపు మీద పెట్టాక కుర్రాళ్లు మెత్తబడ్డారు. ఆ రోజుల్లో కోచ్ బేర్ బ్రయంట్ ఏ మిషను చూసి చాంపియన్లను తయారుచేశాడు? కోచ్‌కి కళ్లు లేవా? చిప్ ఉన్నా గాయాలు ఆగలేదు, అంతా డబ్బు దండగ." ఇందులో గాయాలు ఆగలేదన్న మాటలో మాత్రమే కాస్త నిజం ఉంది.

ముందు బ్రయంట్ సంగతి. 1954లో ఆయన టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జట్టును జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లి పది రోజులు క్యాంపు పెట్టారు. కరువు రోజులు, మండే ఎండ, ప్రాక్టీస్‌లో నీళ్లు తాగనివ్వరు. వెళ్లినవాళ్లలో సగానికి పైగా మధ్యలోనే వెళ్లిపోయారు. ఒక కుర్రాడు వడదెబ్బ తగిలి చావు అంచుదాకా వెళ్లాడు. ఇంత చేస్తే ఆ ఏడాది జట్టు గెలిచింది ఒక్క మ్యాచ్, ఓడింది తొమ్మిది. 1956లో కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) గెలిచారు కదా అంటారు. నిజమే, కానీ ఆ జట్టులో పెద్ద స్టార్ జాన్ డేవిడ్ క్రో జంక్షన్‌కు వెళ్లనేలేదు.

మెత్తబడటం గురించి అంటే, ఈ చిప్‌లు తయారుచేసే ఆస్ట్రేలియా కంపెనీ కాటపుల్ట్ పరికరాలను కాలేజీల్లో ముందుగా వాడినవాటిలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఒకటి. 2013 సీజన్‌లో ఆ జట్టు ఆడిన 14 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ చాంపియన్ అయింది.

ఇక కోచ్ కళ్లు. ఈ పరికరం రెండు రెక్క ఎముకల మధ్య, ప్యాడ్ల కింద ఉంటుంది. జీపీఎస్ సెకనుకు 10 సార్లు ఆటగాడి స్థానం నమోదు చేస్తుంది, లోపలి యాక్సిలరోమీటర్ సెకనుకు 100 సార్లు కుదుపులను కొలుస్తుంది. ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను ఢీకొట్టే లైన్‌మన్‌ను తీసుకోండి. బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ రెండు మూడు గజాలే కదులుతాడు, దూరం లెక్కలో బద్ధకస్తుడిలా కనిపిస్తాడు. ఒంటి మీద పడే గుద్దులు మాత్రం అందరికంటే ఎక్కువ. అందుకే దూరం ఒక్కటే కాకుండా ఆ కుదుపులన్నీ కలిపి శ్రమను చెప్పే ప్లేయర్ లోడ్ అనే కొలత పెట్టారు. పరుగెత్తి బంతి పట్టుకునే రిసీవర్ది ఇంకో కథ. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ సరిగ్గా వేయలేదని అతనితో అదే లాంగ్ రూట్ (దూరపు పరుగు) మళ్లీ మళ్లీ పరుగెత్తిస్తారు. వందమందికి పైగా ఉన్న మైదానంలో మంగళవారం ఎవరు ఎన్ని గజాలు ఫుల్ స్పీడులో పరుగెత్తారో ఏ కోచ్‌కు గుర్తుంటుంది? గురువారం అతను నెమ్మదిస్తే "ఒళ్లు వంచట్లేదు" అని అరుస్తారు. నంబర్ ఉంటే, తొడ కండరం పట్టేయకముందే కాస్త ఆపుతారు.

కళ్లు చాలనేవాళ్లు జోర్డాన్ మెక్‌నెయిర్‌ను తలుచుకోవాలి. 2018 మే 29న మేరీలాండ్ యూనివర్సిటీలో 110 గజాల స్ప్రింట్లు చేస్తూ ఆ 19 ఏళ్ల ఆటగాడు వడదెబ్బకు కుప్పకూలాడు. చుట్టూ కోచ్‌లు, ట్రైనర్లు ఉన్నారు, అందరూ చూస్తూనే ఉన్నారు. ఒంటి వేడి ఎంతుందో ఎవరూ కొలవలేదు, చన్నీళ్ల టబ్బులో ముంచలేదు. అంబులెన్సుకు ఫోన్ వెళ్లింది దాదాపు గంట తర్వాత. జూన్ 13న చనిపోయాడు. జీపీఎస్ చిప్ ఒంటి వేడి కొలవదు, కాబట్టి అదొక్కటే ఉంటే బతికేవాడని నేను అనను. కానీ చూడటం వేరు, కొలవడం వేరు. "వాడు తట్టుకుంటాడులే" అన్న అంచనా మీద ఒక ప్రాణాన్ని వదిలేయకూడదు.

గాయాలు ఆగలేదన్న మాటకొస్తే, మోకాలి మీద ఎవరో వచ్చి పడితే తెగే లిగమెంట్‌ను ఏ చిప్పూ ఆపదు. ఈ వారం శ్రమను గత కొన్ని వారాల సగటుతో పోల్చి గాయాన్ని ముందే చెప్పొచ్చన్న పద్ధతిపై పరిశోధకుల్లోనే గట్టి విమర్శలున్నాయి. అలా జోస్యం అమ్మే కంపెనీలను నమ్మొద్దనడం సబబే. శ్రమను కొలిచి ప్రాక్టీస్ సర్దడం మాత్రం జోస్యం కాదు.

అభిమానులు నిజంగా అనుమానించాల్సింది వేరే ఉంది. నైకీతో మిషిగన్ యూనివర్సిటీ చేసుకున్న ఒప్పందంలో, ఆటగాళ్లు ధరించే పరికరాల నుంచి డేటా తీసుకుని, పేర్లు లేకుండా వాడుకునే వీలు కంపెనీకి ఇచ్చారు. ఒప్పందం చేసుకున్నది యూనివర్సిటీ, గుండె చప్పుడు కుర్రాడిది. ఆ నంబర్లు ఎవరి చేతికి వెళ్తాయి, స్కాలర్‌షిప్ నిర్ణయాల్లో వాడతారా, వద్దనే హక్కు అతనికి ఉందా? చిప్‌ను తిట్టేవాళ్లు ముందు తమ కాలేజీని ఈ మూడు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.