సవరణ: 3 కిలోవాట్ల సోలార్ రోజుకు 36 యూనిట్లు ఇవ్వదు

అనంతపురం మిద్దెల మీద సోలార్ గురించి రాసిన లెక్కలో రెండు తప్పులు దొర్లాయి. పగలు 12 గంటలు కాబట్టి 3 కిలోవాట్లకు రోజుకు 36 యూనిట్లు వస్తాయని రాశాం. అది తప్పు. దాన్ని నమ్మి ఎవరైనా అప్పు కంతులు లెక్క వేసుకుని ఉంటే దయచేసి మార్చుకోండి.

పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండకు ప్యానెల్ పూర్తి శక్తి ఇవ్వదు. ఇక్కడ రోజంతా కాసే ఎండ సగటున ఐదున్నర గంటల నిండు ఎండకు సమానం. వేడి, దుమ్ము, ఇన్వర్టర్, వైర్ల నష్టాలకు నాలుగో వంతు తీసేస్తే 3 × 5.5 × 0.75, అంటే 12 యూనిట్ల పైచిలుకు. ముసురు పట్టిన రోజు అందులో సగం కూడా రాకపోవచ్చు.

ఎక్కువ మంది పొరబడేది వేడి దగ్గరే. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగిందనుకోండి, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోయినట్టే. అందుకే ప్యానెళ్లను మిద్దెకు ఆనించి బిగించొద్దు, కింద గాలి ఆడాలి.

రెండో తప్పు ప్యానెల్ వాలు. 25 డిగ్రీలని రాశాం. వాలు దాదాపు ఊరి అక్షాంశమంత ఉండాలి. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు, కాబట్టి దక్షిణం వైపు 15 చాలు. 2 మీటర్ల పొడవున్న ప్యానెల్‌ను ఆ పొడవు వాలు వెంట వచ్చేలా పెడితే వెనక అంచు ముందు అంచు కన్నా 52 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి.

కడిగేది తెల్లవారుజామునే. కాగిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు.